పాతికేళ్ల ప్రిన్సిపాల్

పగలు ఫౌండ్రీలో పని, రాత్రి కాలేజీలో పాఠం. ఈ రెండూ కలిస్తేనే ఇంజినీరు తయారవుతాడని స్కాట్లండ్ కార్మికుడి కొడుకు ఒకడు నమ్మాడు. ఆ నమ్మకాన్ని నిజం చేసి చూపించే అవకాశం అతనికి సొంత దేశంలో దొరకలేదు, జపాన్‌లో దొరికింది. హెన్రీ డయ్యర్ కథ ఇది.

1887 నాటి ఒక ఫొటో ఉంది. ఇద్దరు మనుషులు దూరదూరంగా వేసిన రెండు కుర్చీల్లో కూర్చుని చేతులు బార్లా చాపారు. వాళ్ల పిడికిళ్లలో కర్రలున్నాయి. కర్రల కింది కొసలు కుర్చీలకు ఆనుకుని ఉన్నాయి. బయటి వైపు చేతులను తాళ్లతో ఇటుకల దొంతరలకు కట్టారు. లోపలి వైపు, ఇద్దరికీ మధ్య, ఒక చిన్న బల్ల వేలాడుతోంది. దానిమీద ఓ జపాన్ యువకుడు నిబ్బరంగా కూర్చున్నాడు. అతని కింద నేల దాకా ఆధారం ఏమీ లేదు. అతని బరువుకి ఆ ఇద్దరి చేతులు లాగుడు పడతాయి, కర్రలు నొక్కుడు పడతాయి, భారం కుర్చీల మీదుగా నేలకు దిగుతుంది. కుర్చీల్లోని వాళ్లు లోపలికి ఒరిగిపోకుండా బయటి ఇటుకలు పట్టి ఉంచుతాయి.

స్కాట్లండ్‌లో ఫోర్త్ నది సముద్రంలో కలిసేచోట అప్పుడు ఒక రైలు వంతెన కడుతున్నారు. అది ఎలా నిలబడుతుందో మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పాలని దాని రూపకర్త బెంజమిన్ బేకర్ లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేసిన ప్రసంగంలో ఈ మనుషుల వంతెననే వాడుకున్నాడు. 1890 మార్చి 4న ప్రారంభమైన ఆ వంతెనలో ఒక్కో పెద్ద స్పాన్ 521 మీటర్లు. అప్పటికి ప్రపంచంలో అంత పొడవైన స్పాన్ ఇంకెక్కడా లేదు.

మధ్యలో కూర్చున్న యువకుడి పేరు వతనబె కైచి. ఆ వంతెన పనిలోనే ఉద్యోగి. ఇలా చేతులు చాపినట్టు నిలిచే నిర్మాణం, అంటే కాంటిలివర్ ఆలోచన, తూర్పు దేశాల నుంచి వచ్చిందని గుర్తుచేయడానికే అతన్ని అక్కడ కూర్చోబెట్టారని చెబుతారు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం వేరే సంగతి. 1866 దాకా జపాన్‌లో అనుమతి లేకుండా దేశం దాటితే మరణశిక్ష. అక్కడికి ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ దేశపు కుర్రాడు ప్రపంచంలోకెల్లా సాహసమైన వంతెన పనిలో ఉన్నాడు. గ్లాస్గో విశ్వవిద్యాలయం పట్టా పుచ్చుకోకముందే, 1883లో, అతను టోక్యోలోని ఇంపీరియల్ కాలేజ్ ఆఫ్ ఇంజినీరింగ్‌లో చదువు పూర్తిచేశాడు. ఆ కాలేజీకి తొలి ప్రిన్సిపాల్ హెన్రీ డయ్యర్. పదవి చేపట్టేనాటికి ఆయనకు పాతికేళ్లు కూడా పూర్తిగా నిండలేదు.

ఒకే కాలేజీ, ఇద్దరు రాత్రి విద్యార్థులు

డయ్యర్ 1848 ఆగస్టు 16న గ్లాస్గోకు దగ్గర్లో, ఇప్పుడు బెల్స్‌హిల్ అని పిలిచే చోట పుట్టాడు. ఎటు చూసినా బొగ్గు గనులు, ఇనుప కొలుములు ఉన్న ప్రాంతం. తండ్రి ఇనుప కార్ఖానా కార్మికుడు. కుటుంబం గ్లాస్గో చేరాక కుర్రాడు జేమ్స్ ఐట్‌కెన్ కంపెనీ ఫౌండ్రీలో అప్రెంటిస్‌గా కుదిరాడు. పగలంతా అక్కడ పని. సాయంత్రం కాగానే ఆండర్సన్స్ కాలేజీలో తరగతులు. పగలు పనిచేసుకునేవాళ్ల కోసం రాత్రిపూట సైన్సు చెప్పే కాలేజీ అది.

అవే సంవత్సరాల్లో ఆ రాత్రి తరగతులకు యమావో యోజో అనే జపాన్ యువకుడు కూడా వచ్చేవాడు. అతను పగలు నేపియర్ షిప్‌యార్డులో ఓడలు కట్టే పని నేర్చుకునేవాడు. చోషు ప్రాంతం నుంచి 1863లో ప్రాణాలకు తెగించి, దొంగతనంగా ఓడెక్కి ఇంగ్లండ్ చేరిన ఐదుగురు సమురాయ్ యువకుల్లో అతనొకడు. ఆ ఐదుగురిలో ఇంకొకడు ఇతో హిరోబుమి, తర్వాతి కాలంలో జపాన్ తొలి ప్రధానమంత్రి. ఫౌండ్రీ కుర్రాడూ ఓడల కుర్రాడూ ఒకే కాలేజీలో ఒకే కాలంలో రాత్రులు చదువుకున్నారు. కొన్నేళ్ల తర్వాత టోక్యోలో ఒకరు మంత్రిత్వశాఖ అధికారిగా, ఒకరు ప్రిన్సిపాల్‌గా ఎదురుపడ్డారు. పనిచేసే చేతికి చదువు ఎందుకు కావాలో ఆ ఇద్దరిలో ఏ ఒక్కరూ రెండోవారికి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. టోక్యో కాలేజీ అంత త్వరగా వేళ్లూనుకోవడానికి ఇదే అసలు కారణమని నాకనిపిస్తుంది.

అప్రెంటిస్‌షిప్ అయ్యాక 1868లో డయ్యర్ గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరాడు. సిద్ధాంతంతో పాటు చేతి పనితనాన్నీ లెక్కలోకి తీసుకునే విట్‌వర్త్ స్కాలర్‌షిప్ గెలుచుకున్నాడు. అక్కడ ఆయన గురువు విలియం జాన్ మాక్వోర్న్ ర్యాంకిన్. ఆ పేరు మన బీటెక్ పిల్లలకు కొత్త కాదు. మెకానికల్ వాళ్లకు ర్యాంకిన్ సైకిల్, సివిల్ వాళ్లకు ర్యాంకిన్ ఎర్త్ ప్రెషర్ సిద్ధాంతం పరీక్షల్లో తప్పకుండా తగిలేవే. 1855 నుంచి ఆ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజినీరింగ్ ఆచార్యుడిగా ఉన్న ర్యాంకిన్ పోరాటమంతా ఒక్కదాని మీదే. సిద్ధాంతం వేరు, పని వేరు అనే మాట తప్పని ఆయన వాదన. బ్రిటన్‌లో ఆనాడు ఆ మాట చెవికెక్కించుకున్నవాళ్లు తక్కువ. ఫీజు కట్టి ఒక పెద్ద ఇంజినీరు దగ్గర చేరడం, చూసి నేర్చుకోవడం అక్కడి పద్ధతి. కాలేజీలో లెక్కలు నేర్చుకొచ్చినవాడిని వర్క్‌షాపు మేస్త్రీలు నమ్మేవాళ్లు కాదు. ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లండ్‌లలో కథ ఇంకోలా ఉండేది. అక్కడి పాలిటెక్నిక్‌లలో సిద్ధాంతం పటిష్ఠంగా చెప్పేవాళ్లు కానీ, కార్ఖానాతో సంబంధం పలచగా ఉండేది.

1872లో జపాన్ ప్రభుత్వం పంపిన ఇవాకురా ప్రతినిధి బృందంతో బ్రిటన్ వచ్చిన ఇతో, జపాన్ ప్రజాపనుల మంత్రిత్వశాఖ పెట్టబోయే కాలేజీకి అధ్యాపకులు కావాలని తనకు పాత పరిచయస్తుడైన వ్యాపారి హ్యూ మాథెసన్‌ను అడిగాడు. ఆ మాట ర్యాంకిన్ దాకా వెళ్లింది. ర్యాంకిన్ తన విద్యార్థి డయ్యర్ పేరు చెప్పాడు. ఆ ఏడాది డిసెంబర్ 24న ర్యాంకిన్ కన్నుమూశాడు.

ఓడలో రాసిన ప్రణాళిక

1873లో డయ్యర్ ఓడెక్కాడు. భౌతికశాస్త్రం, టెలిగ్రాఫీ చెప్పే విలియం ఐర్టన్ లాంటి సహ అధ్యాపకులను కూడగట్టుకున్నాడు. కాలేజీ ఎలా ఉండాలి, ఏ ఏడాది ఏం చెప్పాలి, పరీక్షలు ఎలా పెట్టాలి అన్నదంతా ప్రయాణంలోనే కాగితం మీద పెట్టాడు. జూన్‌లో జపాన్ చేరి ఆ ప్రణాళికను యమావో చేతికిస్తే, ఆయన మార్పులేమీ లేకుండా ఒప్పుకున్నాడని డయ్యరే తర్వాత రాసుకున్నాడు.

ఈ కాలేజీ ఎందుకని జపాన్ ప్రభుత్వంలోనే ప్రశ్నలొచ్చాయి. దేశంలో పరిశ్రమలే లేనప్పుడు ఇంజినీర్లు చదువుకుని ఏం చేస్తారని కొందరు అడిగారు. ముందు మనుషులను తయారుచేస్తే పరిశ్రమలను వాళ్లే తెస్తారని యమావో బదులిచ్చాడని చెబుతారు. అప్పటికి యొకొహామా-టోక్యో రైలుమార్గం నడుస్తోంది, తీరంలో దీపస్తంభాలు లేస్తున్నాయి, టెలిగ్రాఫ్ తీగలు పరుచుకుంటున్నాయి. వీటన్నిటి మీదా విదేశీ ఇంజినీర్లే ఉన్నారు. వాళ్ల జీతాలకు ఖజానా కరిగిపోతోంది. వాళ్ల స్థానంలోకి జపాన్ యువకులు రావాలన్నది కాలేజీ లక్ష్యం. తమ లాంటి విదేశీయులతో ఇక పనిలేని రోజు తేవడమే తన ఉద్యోగమని డయ్యర్‌కు మొదటిరోజు నుంచీ తెలుసు. మనసు పెట్టి చేశాడు.

ఆరేళ్ల కోర్సు. తొలి రెండేళ్లు ఇంగ్లిషు, గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు, డ్రాయింగు. తర్వాతి రెండేళ్లు ఎంచుకున్న శాఖ: సివిల్, మెకానికల్, టెలిగ్రాఫీ, వాస్తుకళ, రసాయనం, గనులు, లోహశాస్త్రం. చివరి రెండేళ్లు పూర్తిగా పనిలోనే. రైల్వేలోనో, గనిలోనో, దీపస్తంభం దగ్గరో ఉంటూ, చూసిందీ చేసిందీ రాసి పెట్టాలి. బోధన, పరీక్షలు, చివరి సంవత్సరపు సిద్ధాంత వ్యాసం అన్నీ ఇంగ్లిషులోనే. ప్రభుత్వ ఖర్చుతో చదివినవాడు ఏడేళ్లు ప్రభుత్వానికి పనిచేయాలి.

అసలు బలం అకబనెలో ఉంది. అక్కడ మంత్రిత్వశాఖకు ఒక యంత్రాల కార్ఖానా ఉండేది. డయ్యర్ దాన్ని కాలేజీ చదువులో భాగం చేశాడు. పిల్లలు చాలామంది సమురాయ్ కుటుంబాల వాళ్లు. తరతరాలుగా కత్తి, కలం తప్ప సుత్తి పట్టని ఇళ్లు. అలాంటి పిల్లలు మసి బట్టలతో అచ్చులు చేశారు, ఇనుము పోత పోశారు, ఆకురాయి పట్టి ఫిట్టింగ్ చేశారు, లేత్ మిషన్ దగ్గర నిలబడ్డారు. ఆ కార్ఖానా నిజం సరుకు తయారుచేసేది. పిల్లవాడు చేసిన ముక్క యంత్రంలో అమరకపోతే అది వెంటనే బయటపడేది, మార్కులతో కప్పిపుచ్చుకోవడం కుదిరేది కాదు. ఇవాళ మన దగ్గర ఫైనలియర్ ప్రాజెక్టులు రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి, ల్యాబ్ రికార్డులు సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతున్నాయి. అకబనె గురించి చదువుతున్నప్పుడు నాకు బాధతో గుర్తొచ్చింది ఇదే.

అయితే డయ్యర్‌ను కేవలం వర్క్‌షాపు మనిషి అనుకోకూడదు. ఇంజినీరుకు సాహిత్యం, చరిత్ర, సమాజం తెలియాలని, లేకపోతే వాడి చూపు తన యంత్రం దాటి పోదని విద్యార్థులకు పదేపదే చెప్పాడు. లోకాన్ని నిజంగా మార్చేవాడు ఇంజినీరే, అందుకే వాడికి విశాలమైన మనసు ఉండాలి అన్నది ఆయన మాట సారం.

చుట్టూ చేరిన అధ్యాపకులు కూడా సామాన్యులు కాదు. 1875లో జాన్ పెర్రీ, 1876లో జాన్ మిల్న్, 1877లో జోసయ్య కాండర్ వచ్చారు. గనుల శాస్త్రం చెప్పడానికి వచ్చిన మిల్న్ అక్కడి భూకంపాలు చూసి ఆధునిక భూకంప శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడయ్యాడు. కాండర్ జపాన్ తొలితరం ఆర్కిటెక్టులను తయారుచేశాడు. 1878 మార్చి 25న కేంద్ర టెలిగ్రాఫ్ కార్యాలయం ప్రారంభ విందు కాలేజీ హాల్లోనే జరిగింది. ఐర్టన్, ఆయన విద్యార్థులు బ్యాటరీలు కలిపి ఒక ఆర్క్ దీపం వెలిగించారు. జపాన్‌లో అది తొలి విద్యుద్దీపం. వెలిగింది కొద్దిసేపే అయినా, ఆ తేదీ నేటికీ అక్కడ విద్యుత్ దినోత్సవం. సాయపడిన విద్యార్థుల్లో ఫుజిఒక ఇచిసుకె తర్వాత టోక్యో విద్యుత్ దీపాల కంపెనీకి ఆద్యుల్లో ఒకడు. అతను పెట్టిన బల్బుల సంస్థే తోషిబాకు ఒక మూలం.

ఇదే కాలంలో మన దేశంలో జరిగినది పక్కన పెట్టి చూడకుండా ఉండలేం. 1871లో బ్రిటన్ ప్రభుత్వం లండన్‌కు దగ్గర్లో కూపర్స్ హిల్ దగ్గర రాయల్ ఇండియన్ ఇంజినీరింగ్ కాలేజీ తెరిచింది. భారత పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్‌కు ఇంజినీర్లను తయారుచేయడం దాని పని. సీట్లు దాదాపు అన్నీ తెల్లవాళ్ల పిల్లలవే. రూర్కీలో 1847లోనే కాలేజీ వచ్చింది, మద్రాసులో 1794 నాటి సర్వే బడి 1859కల్లా సివిల్ ఇంజినీరింగ్ కాలేజీ అయింది. అదే తర్వాతి గిండీ కాలేజీ. తెలుగు జిల్లాలకు చాలాకాలం అదే దిక్కు. చదువు మనకూ ఉంది. కానీ చదువుకున్నవాడు ఎంత ఎత్తుకు పోవచ్చన్నది పాలకుడే నిర్ణయించాడు, పెద్ద కుర్చీలు సముద్రం అవతలి వాళ్లకే దక్కాయి. జపాన్‌లో డయ్యర్‌ను నియమించింది జపాన్ ప్రభుత్వం. ఆయన ఎవరి కింద పనిచేశాడో వాళ్ల అవసరమే ఆయన అవసరం అయింది. డయ్యర్ గొప్పవాడే. అయినా అదే డయ్యర్ ఆ రోజుల్లో మద్రాసుకు వచ్చి ఉంటే ఆ పని చేయనిచ్చేవారని నేను అనుకోను.

ఎడమచేత్తో రాసిన వ్యాసం

1879లో తొలి బ్యాచ్ 23 మంది బయటికొచ్చారు. వాళ్లలో 11 మందిని ప్రభుత్వం పైచదువులకు బ్రిటన్ పంపింది. ఆ బ్యాచ్‌లోని తత్సునొ కింగొ తర్వాత బ్యాంక్ ఆఫ్ జపాన్ భవనం, టోక్యో రైల్వేస్టేషన్ కట్టాడు. తకమినె జొకిచి అమెరికా వెళ్లి అడ్రినలిన్‌ను శుద్ధరూపంలో వేరుచేశాడు. ఆ కాలేజీలో చదివిన అందరిలోకీ నా మనసుకు దగ్గరైనవాడు మాత్రం తర్వాతి బ్యాచ్‌లోని తనబె సకురో.

క్యోటో నగరం అప్పుడు కళతప్పి ఉంది. రాజధాని టోక్యోకు వెళ్లిపోయాక వ్యాపారం, జనం తగ్గారు. పక్కనున్న బివా సరస్సు నీళ్లు కొండలు తొలిచి ఊళ్లోకి తేవాలని గవర్నర్ కితగకి కునిమిచి సంకల్పం. సరిగ్గా అదే కాలువను తనబె తన చివరి సంవత్సరపు వ్యాసానికి అంశంగా తీసుకున్నాడు. క్షేత్రపరిశీలనలో కుడిచేతికి దెబ్బ తగిలితే ఎడమచేత్తో రాసి, బొమ్మలు గీసి పూర్తిచేశాడు. 1883లో పట్టా తీసుకోగానే గవర్నర్ అతన్నే పనిలో పెట్టుకున్నాడు. ఇరవై దాటి ఏడాదో రెండేళ్లో అయిన కుర్రాడు. పెద్ద పనులన్నీ విదేశీయులకే ఇచ్చే ఆ రోజుల్లో ఇది మామూలు ధైర్యం కాదు.

1885లో పని మొదలైంది. మొదటి సొరంగం 2,436 మీటర్లు, అప్పటికి దేశంలో అంత పొడవైనది లేదు. రెండు కొసల నుంచే తవ్వితే ఏళ్లు పడుతుందని తనబె కొండ మీద నుంచి నిలువుగా బావి దింపించి, దాని అడుగు నుంచి కూడా అటూ ఇటూ తవ్వించాడు. ఊటనీళ్లతో, రాతితో ఆ బావి కూలీలను ముప్పుతిప్పలు పెట్టింది. ప్రాణాలు పోయాయి. చనిపోయినవాళ్ల కోసం తనబె తర్వాత సొంత డబ్బుతో స్మారకశిల నిలబెట్టాడు. పని నడుస్తుండగా 1888లో అమెరికాలోని ఆస్పెన్ వెళ్లి, నీటితో కరెంటు తీయడం కళ్లారా చూశాడు. నీటిచక్రాలు తిప్పాలన్న పాత ఆలోచన పక్కనపెట్టి, జలవిద్యుత్తు వైపు మళ్లాడు. 1890లో కాలువ పూర్తయింది, 1891లో కెఅగెలో విద్యుత్ కేంద్రం నడిచింది, 1895లో ఆ కరెంటుతో క్యోటోలో జపాన్ తొలి ఎలక్ట్రిక్ ట్రామ్ కదిలింది. ఆ కాలువ నీళ్లనే క్యోటో నేటికీ తాగుతోంది.

కాలేజీలో చేసిన వ్యాసం నగరానికి నీళ్లయింది. డయ్యర్ ఓడలో రాసుకున్న ఆ ఆరేళ్ల ప్రణాళిక ఇలాంటి పనికోసమే.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1898లో జపాన్ వెళ్లినప్పుడు చూసిన దేశం ఈ తరం కట్టినదే. పరిశ్రమ, సాంకేతిక విద్య జోడుగా నడవాలన్న ఆయన పట్టుదలకు ఆ ప్రయాణం బలమిచ్చింది. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌కు వచ్చి రిజర్వాయర్ల పథకం ఇచ్చిందీ, 1917లో బెంగళూరులో ఇంజినీరింగ్ కాలేజీ పెట్టించిందీ ఆయనే.

తిరిగొచ్చినవాడికి దొరకని కుర్చీ

1882లో డయ్యర్ స్కాట్లండ్ తిరిగొచ్చాడు. జపాన్ చక్రవర్తి ఉదయభాను పురస్కారం ఇచ్చి, గౌరవ ప్రిన్సిపాల్ హోదాతో సాగనంపాడు. కాలేజీ 1886లో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో కలిసింది. నేటి టోక్యో విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ విభాగానికి అది ఒక వేరు. సొంత ఊరు మాత్రం ఆయనకు పెద్దపీట వేయలేదు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఓడల నిర్మాణ శాస్త్రపు ఆచార్య పదవికి దరఖాస్తు చేసుకుంటే రాలేదు. ఎడిన్‌బరోలో హెరియట్ వాట్ కాలేజీ ప్రిన్సిపాల్ పదవీ రాలేదు. ఒక దేశానికి ఇంజినీర్ల తరాన్నిచ్చినవాడు నలభై ఏళ్లు నిండకుండానే ఖాళీగా నిలబడ్డాడు.

ఆయన చేదు పెంచుకోలేదు. ఒకప్పుడు రాత్రులు చదువుకున్న ఆండర్సన్స్ కాలేజీని మరికొన్నిటితో కలిపి సాంకేతిక కాలేజీగా మార్చినప్పుడు దాని పాలకమండలిలో చేరి, పాఠ్య ప్రణాళిక తయారీలో ముందున్నాడు. జపాన్‌లో చేసి చూసిన పని, చదువుల కలయికను గ్లాస్గో కార్మికుల పిల్లలకు అందించాలని తపించాడు. 1891 నుంచి గ్లాస్గో స్కూల్ బోర్డు సభ్యుడు, 1914లో అధ్యక్షుడు. జపాన్ నుంచి వచ్చే విద్యార్థులకు ఆ ఊళ్లో ఆయనే పెద్దదిక్కు. 1901లో గ్లాస్గో విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షలో జపనీస్ భాషను అంగీకరించింది. ప్రశ్నపత్రం తయారుచేసింది అప్పుడు లండన్‌లో ఉన్న నవలాకారుడు నత్సుమె సొసెకి.

1904లో, రష్యాతో జపాన్ యుద్ధం సాగుతుండగా, డయ్యర్ జపాన్ మీద తన పెద్ద పుస్తకం 'దై నిప్పన్' వెలువరించాడు. ప్రేమతో రాసిన పుస్తకం అది. ఆ ప్రేమే కొన్ని చూడనివ్వలేదు. తన విద్యార్థుల తరం కట్టిన ఓడరేవులు, రైళ్లు, కార్ఖానాలు సైన్యానికీ ఊతమయ్యాయి. 1910లో కొరియాను జపాన్ మింగేసింది. ఇంజినీరుకు విశాలమైన మనసు ఉండాలన్న ఆయన పాఠం రాజ్యం దాకా చేరలేదు. దాన్ని ఆయన ఇంకా గట్టిగా రాసి ఉండాల్సిందని ఆయన్ని ఇష్టపడేవాడిగానే అంటాను.

1918 సెప్టెంబర్ 25న గ్లాస్గోలో డయ్యర్ చనిపోయాడు. అప్పటికీ స్కూల్ బోర్డు అధ్యక్షుడే. ఆయన తీర్చిదిద్దిన సాంకేతిక కాలేజీ 1964లో స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయమైంది. అక్కడ ఒక భవనానికి ఆయన పేరే పెట్టారు. ఓడల నిర్మాణ శాస్త్ర విభాగం అందులోనే ఉంది.